కరెంటు బిల్లు టైమ్ కి కడితే సిబిల్ స్కోరు పెరుగుతుందా? ఏ బిల్లు లెక్కలోకి వస్తుంది, ఏది రాదు

మీరు అడిగింది ఇదీ. నాలుగేళ్లుగా కరెంటు బిల్లు, గ్యాస్, ఇంటర్నెట్, రీఛార్జ్, అద్దె ఒక్క నెల కూడా లేట్ చెయ్యకుండా ఫోన్ లోనే కడుతున్నారు, ఒక బైక్ లోన్ నడుస్తోంది, 50 వేల లిమిట్ తో ఒక క్రెడిట్ కార్డు ఉంది, అయినా సిబిల్ స్కోరు, అంటే తీసుకున్న అప్పులు ఎంత సరిగ్గా తీరుస్తున్నామో చెప్పే అంకె, 690 దాటట్లేదు, రెండేళ్లలో హోమ్ లోన్ కి వెళ్లాలి, ఇన్ని బిల్లులు ఇంత కరెక్ట్ గా కడుతుంటే స్కోరు ఎందుకు కదలట్లేదు అని. నేను బ్యాంకులో లోన్ సెక్షన్ లో చాలా ఏళ్లు పనిచేశాను, రిపోర్ట్ ముందు పెట్టుకుని ఎదురుగా కూర్చున్నవాళ్లకి ఈ విషయం ఎన్నిసార్లు వివరించానో లెక్కలేదు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

సూటిగా చెప్పాలంటే మీ కరెంటు బిల్లు సంగతి సిబిల్ కి తెలీదు. అక్కడిదాకా వెళ్లేది అప్పు సంగతే, ఒక్క పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ల సంగతి వేరు, అది కింద చెప్తా. మన దేశంలో ఈ లెక్కలు పెట్టే కంపెనీలు నాలుగున్నాయి, ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. 2005 చట్టం కింద ఆర్‌బీఐ పర్మిషన్ తో నడుస్తాయి, బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీలు, కార్డు కంపెనీలు, మైక్రోఫైనాన్స్ వాళ్లు ఈ నాలుగింటికీ తమ కస్టమర్ల అప్పుల డేటా పంపాలి. కరెంటు వాళ్లు, అంటే హైదరాబాద్ లో టీజీఎస్‌పీడీసీఎల్, విశాఖ వైపు ఈపీడీసీఎల్, వీళ్లు పంపరు. గ్యాస్ సిలిండర్ కి డబ్బు అప్పటికప్పుడే ఇచ్చేస్తాం కాబట్టి అది అప్పే కాదు, ప్రీపెయిడ్ రీఛార్జ్ కూడా అంతే. ఓనర్ కిచ్చే అద్దె, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, పిల్లల స్కూల్ ఫీజు, నెలనెలా పాడే చీటీ, ఇవి ఎంత క్రమంగా కట్టినా మామూలుగా రిపోర్ట్ లో ఒక్క లైను కూడా పడదు. నాలుగేళ్ల మీ క్రమశిక్షణని నేను తక్కువ చెయ్యట్లేదు, కాకపోతే దాన్ని రాసుకోవాల్సిన చోట ఎవరూ రాసుకోలేదు, అంతే.

మరి యూట్యూబ్ లో బిల్లులు కడితే స్కోరు పెరుగుతుందని చెప్తున్నారే అంటారా, అది చాలావరకు అమెరికా ముచ్చట. అక్కడ 2019 లో ఎక్స్‌పీరియన్ బూస్ట్ అని ఒకటి వచ్చింది, మన బ్యాంక్ అకౌంట్ లింక్ చేస్తే అందులోంచి కట్టిన కరెంటు, ఫోన్ బిల్లుల్ని కూడా లెక్కలో వేసుకుంటుంది, అద్దె రిపోర్ట్ చేసే సర్వీసులు కూడా ఉన్నాయి. డాలస్ లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు చెప్పింది అక్కడ కరెక్టే, వాళ్ల స్కోరు 300 నుంచి 850, మనది 300 నుంచి 900, రెండూ వేరు వేరు లెక్కలు, ఇక్కడి స్కోరు అక్కడ పనిచెయ్యదు, అక్కడిది ఇక్కడ పనిచెయ్యదు. ఎంఎస్ కి వెళ్లే పిల్లలు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు, ఇక్కడ వాళ్ల పేరు మీద ఎడ్యుకేషన్ లోన్ ఉంటే మాత్రం అది ఇక్కడి రిపోర్ట్ లో వాళ్లకీ, కో అప్లికెంట్ గా సంతకం పెట్టిన నాన్నకీ ఇద్దరికీ కనపడుతూనే ఉంటుంది.

బిల్లుల్లో ఒక్కదానికి మాత్రం జాగ్రత్త పడాలి, పోస్ట్‌పెయిడ్ కనెక్షన్. టెలికాం కంపెనీల నుంచి కూడా డేటా వెళ్తుంది, సిబిల్ రిపోర్ట్ లో వైర్‌లెస్, బ్రాడ్‌బ్యాండ్ అని అకౌంట్ టైపులే ఉన్నాయి. ఇల్లు మారినప్పుడు బ్రాడ్‌బ్యాండ్ వదిలేస్తాం, ఆఖరి బిల్లు 700 పెండింగ్ ఉంటుంది, రూటర్ తిరిగి ఇవ్వలేదని ఇంకో 1,500 వేస్తారు, వాళ్లు ఫోన్ చేస్తే మనం ఎత్తం, మూడేళ్ల తర్వాత హోమ్ లోన్ ఫైల్ లో అది ఓవర్‌డ్యూ అని బయటపడుతుంది. ఇలా ఏడెనిమిది వందల రూపాయల కోసం పాతిక లక్షల లోన్ ఆగి, ఆ కంపెనీ నుంచి నో డ్యూస్, అంటే బాకీ ఏమీ లేదన్న లెటర్, తెచ్చుకోడానికి నెలరోజులు తిరిగినవాళ్లని నేను చూశాను. ఏ కనెక్షన్ అయినా వదిలేసేటప్పుడు ఆఖరి బిల్లు కట్టి, జీరో బ్యాలెన్స్ అని మెయిల్ తెప్పించుకుని దాచుకోండి.

ఇక అసలు ఉపాయం. మీ బిల్లుల క్రమశిక్షణ రిపోర్ట్ లోకి ఎక్కాలంటే ఆ బిల్లులు ఒక అప్పు ఖాతా గుండా వెళ్లాలి. అంటే కరెంటు, ఇంటర్నెట్, మొబైల్, ఓటీటీ లాంటి ఎలాగూ కట్టాల్సినవి క్రెడిట్ కార్డు మీద పెట్టండి, నెలకి మూడు నాలుగు వేలు అవుతుందనుకోండి, ఆ కార్డు బిల్లు మొత్తం డ్యూ డేట్ కి ముందే మీ సేవింగ్స్ అకౌంట్ లోంచి ఆటోమేటిక్ గా కట్ అయ్యేలా పెట్టండి. మీ జేబులోంచి పోయే డబ్బు అదే, ఒక్క రూపాయి ఎక్కువ పోదు, కానీ ఇప్పుడది ప్రతి నెలా రిపోర్ట్ లో టైమ్ కి కట్టిన నెలగా నమోదవుతుంది. స్కోరుకి మీరు దేని మీద ఖర్చు పెట్టారో అక్కర్లేదు, తీసుకున్నది చెప్పిన తేదీకి తిరిగిచ్చారా లేదా అన్నది ముఖ్యం, లిమిట్ లో ఎంత వాడారన్నది కూడా చూస్తారు, ఆ సంగతి కింద చెప్తా. ఒక చిన్న జాగ్రత్త, కొన్ని యాప్ లలో కార్డుతో కరెంటు బిల్లు కడితే ఎక్స్‌ట్రా చార్జీ వేస్తారు, కొన్ని కార్డులు యుటిలిటీ బిల్లుల మీద ఒక పరిమితి దాటితే ఫీజు తీసుకుంటాయి, కట్టే ముందు ఫైనల్ అమౌంట్ ఒకసారి చూసుకోండి, చార్జీ పడుతుంటే ఆ బిల్లు మామూలుగానే కట్టేసి కార్డు మీద కిరాణా, పెట్రోల్ పెట్టుకోండి. స్కోరు కోసం ఒక్క రూపాయి కూడా ఎక్స్‌ట్రా పెట్టాల్సిన పని లేదు.

ఆటో పే పెట్టేటప్పుడు అక్కడ రెండు ఆప్షన్లు ఉంటాయి, టోటల్ అమౌంట్ డ్యూ, మినిమమ్ అమౌంట్ డ్యూ. చాలామంది తెలీక రెండోది నొక్కేస్తారు, మినిమమ్ కట్టినా స్కోరు పాడవ్వదు కదా అంటారు. లేట్ అని పడదు, అది నిజమే. కానీ లెక్క చూడండి. బిల్లు 40,000 వచ్చింది, మినిమమ్ 5 శాతం అంటే 2,000 కట్టారు, కార్డు మీద వడ్డీ నెలకి మూడున్నర శాతం అనుకుంటే సుమారు 1,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 252, మొత్తం 1,652. మీరు కట్టిన 2,000 లో అసలు తగ్గింది 350 కూడా లేదు. పైగా మొత్తం కట్టేదాకా కొత్తగా ఏది కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ, ఆ ముప్పై నలభై రోజుల ఫ్రీ టైమ్ ఉండదు. ఆర్నెల్లు ఇలా నడిస్తే బాకీ లిమిట్ దగ్గరకి చేరుతుంది, అప్పుడు స్కోరు ఎలాగూ పడుతుంది. అందుకే టోటల్ అమౌంటే పెట్టండి, అంత కట్టలేని నెల వస్తే కార్డు పక్కన పెట్టేయండి, మినిమమ్ ని అలవాటు చేసుకోకండి, ఇది చాలా గట్టిగా చెప్తున్నా.

ఒకవేళ డ్యూ డేట్ మర్చిపోయారు అనుకోండి, కంగారు పడకండి, మూడు రోజుల గ్రేస్ ఉంది. ఆర్‌బీఐ 2022 రూల్స్ ప్రకారం డ్యూ డేట్ దాటి మూడు రోజులకి మించి ఆగితేనే కార్డు కంపెనీ దాన్ని పాస్ట్ డ్యూ అని రిపోర్ట్ చెయ్యాలి, లేట్ ఫీ కూడా అప్పుడే వెయ్యాలి. ఐతే ఆ మూడు రోజులూ దాటాక లెక్క మాత్రం అసలు డ్యూ డేట్ నుంచే వేస్తారు. దీన్ని అత్యవసరానికి వాడుకోండి గానీ దీన్నే డ్యూ డేట్ అనుకోకండి, ఎందుకంటే యాప్ లో కట్టిన డబ్బు కార్డు అకౌంట్ లో పడటానికి ఒక్కోసారి ఒకట్రెండు రోజులు పడుతుంది. అదే రూల్స్ లో బిల్లింగ్ సైకిల్ మార్చుకునే వీలు కూడా ఇచ్చారు, మీ జీతం ఏ తేదీకి పడుతుందో దానికి తగ్గట్టు డ్యూ డేట్ ని జరుపుకోవచ్చు, కస్టమర్ కేర్ కి ఫోన్ చేసి అడిగితే చేస్తారు.

ఇప్పుడు మీ బైక్ లోన్ దగ్గరికి వద్దాం, మీ 690 కి ఒక కారణం ఇక్కడే ఉందనిపిస్తోంది. ఈఎమ్ఐ 5వ తేదీ, జీతం మాత్రం ఒక్కోసారి 7, ఒక్కోసారి 10 అన్నారు. రెండుసార్లు బౌన్స్ అయ్యిందన్నారు, ఒకసారి వారంలోనే కట్టేశారు, ఇంకోసారి తర్వాతి నెలలో రెండూ కలిపి కట్టారు. మీరు రెండూ ఒకటే అనుకుంటున్నారు, కానీ రిపోర్ట్ దృష్టిలో ఆ రెండూ ఒకటి కాదు. రిపోర్ట్ తీసి చూడండి, ప్రతి లోన్ కింద నెలకొక గడి చొప్పున 36 నెలల గళ్లు ఉంటాయి, డీపీడీ అంటారు, డ్యూ డేట్ దాటి ఎన్ని రోజులైంది అని. అందులో 000 అనో ఎస్‌టీడీ అనో ఉంటే ఆ నెల క్లీన్, ఎక్స్ఎక్స్ఎక్స్ అని ఉంటే ఆ నెల డేటా వాళ్లు పంపలేదు అంతే, భయం లేదు. మీరు వారంలో కట్టేసిన నెల బహుశా 000 అనే ఉంటుంది, ఎందుకంటే నెలాఖరుకి లెక్క పంపేసరికి బాకీ లేదు. రెండోసారి మాత్రం 5 నుంచి నెలాఖరు దాకా బాకీ అలాగే ఉంది కాబట్టి ఆ గడిలో 025 అనో 026 అనో కనపడుతుంది. ఆ ఒక్క అంకె మూడేళ్లు అక్కడే ఉంటుంది, డబ్బు కట్టేసినా చెరగదు. ఐతే కొత్తగా పక్కన 000 లు చేరే కొద్దీ దాని ప్రభావం తగ్గుతూ వస్తుంది, నిన్నటి లేట్ కి ఉన్నంత బరువు రెండేళ్ల కిందటి లేట్ కి ఉండదు.

ఇంకో సంగతి, 2025 జనవరి 1 నుంచి ఈ డేటా కనీసం పదిహేను రోజులకోసారి పంపాలని ఆర్‌బీఐ పెట్టింది, అప్పుడు పెట్టింది 15వ తేదీకి ఒకటి, నెలాఖరుకి ఒకటి. అంతకు ముందు నెలకోసారే వెళ్లేది కాబట్టి ఐదో తేదీ ఈఎమ్ఐ ఇరవయ్యో తేదీన కట్టినా నెలాఖరుకి క్లీన్ అయిపోయేది, ఇప్పుడు నెల మధ్యలో కూడా ఫొటో తీసినట్టు లెక్క వెళ్తోంది. దీనివల్ల మంచి కూడా త్వరగా ఎక్కుతుంది, కార్డు బాకీ తీర్చేస్తే రిపోర్ట్ లో పడటానికి నెలలు ఆగక్కర్లేదు. అలాగే ఈఎమ్ఐ కట్ అయ్యే నాచ్ సిస్టమ్ 2021 ఆగస్టు నుంచి ఆదివారాలూ సెలవుల్లో కూడా నడుస్తోంది, పండగ కదా కట్ అవ్వదులే అనుకుని ఖాతా ఖాళీ చేస్తే పొద్దున్నే బౌన్స్ మెసేజ్ వస్తుంది, మీ బ్యాంకు ఒక చార్జీ, లోన్ ఇచ్చినవాళ్లు ఇంకో చార్జీ.

కాబట్టి మీరు ముందు చెయ్యాల్సింది కొత్త కార్డు తీసుకోవడం కాదు, ఈ 5వ తేదీ సమస్య తీర్చుకోవడం. లోన్ ఇచ్చినవాళ్లకి మెయిల్ పెట్టి ఈఎమ్ఐ డేట్ 10 కో 12 కో మార్చమని అడగండి, కొందరు మారుస్తారు, కొందరు కుదరదంటారు. కుదరదంటే ఈఎమ్ఐ కి మాత్రమే ఒక సేవింగ్స్ అకౌంట్ విడిగా పెట్టండి, అందులో ఎప్పుడూ ఒక నెల ఈఎమ్ఐ అడ్వాన్స్ గా ఉండాలి, దానికి యూపీఐ లింక్ చెయ్యకండి, ఏటీఎం కార్డు ఇంట్లో పెట్టేయండి. చేతిలో ఉన్న డబ్బు ఖర్చవకుండా ఉండదు, అందుకే ఇది చెప్తున్నా. జీతం పది రోజులు లేటైనా ఆ అకౌంట్ మిమ్మల్ని కాపాడుతుంది. నా అనుభవంలో డబ్బు లేక ఈఎమ్ఐ తప్పినవాళ్ల కంటే డబ్బు ఉండి కూడా తేదీ దగ్గర తప్పినవాళ్లే ఎక్కువ.

మీ రెండో కారణం కార్డు. 50 వేల లిమిట్ లో ప్రతి నెలా 40, 42 వేలు వాడి మొత్తం కట్టేస్తున్నా అన్నారు. కట్టడం కరెక్టే, దానికి మీకు మార్కులున్నాయి, కానీ బ్యాంకు లెక్క పంపే రోజున కార్డు మీద 42 వేల బాకీ కనపడుతోంది, అంటే లిమిట్ లో 84 శాతం. చూసేవాళ్లకి ఈయన అప్పు మీద బతుకుతున్నాడు అన్నట్టు కనపడుతుంది. 30 శాతం లోపు ఉంచమని అందరూ చెప్పేది ఇందుకే, మీ కార్డు మీద అది 15 వేలు. అలాగని ఖర్చులు మానేయక్కర్లేదు, స్టేట్‌మెంట్ తయారయ్యే తేదీకి రెండు మూడు రోజుల ముందే ఒక ముప్పై వేలు కట్టేయండి, స్టేట్‌మెంట్ పది పన్నెండు వేలకే వస్తుంది, మిగిలింది డ్యూ డేట్ కి కట్ అవుతుంది. లేదా బ్యాంకు లిమిట్ పెంచుతామని మెసేజ్ పంపితే ఒప్పుకోండి, ఖర్చు మాత్రం పెంచకండి. లిమిట్ లక్ష అయ్యి ఖర్చు పాతిక వేలే ఉంటే 25 శాతం అవుతుంది. మీ ఇద్దరు ఫ్రెండ్స్ షాపింగ్ కి కూడా మీ కార్డే ఇస్తున్నానని రాశారు, అది ఆపేయండి, వాళ్లు డబ్బు వేసే తేదీ మీ చేతుల్లో ఉండదు, రిపోర్ట్ మాత్రం మీ పాన్ మీద ఉంటుంది.

పే లేటర్ గురించి కూడా అడిగారు కదా. ఫోన్ లో ఇప్పుడు కొనండి తర్వాత కట్టండి అని వచ్చేవి, ఇన్‌స్టంట్ లోన్ యాప్ లు, ఇవి కూడా వెనకాల ఏదో ఒక ఎన్‌బీఎఫ్‌సీ లేదా బ్యాంకు ఇచ్చే అప్పులే. 900 రూపాయల చెప్పులకి తీసుకున్నా రిపోర్ట్ లో ఒక లోన్ లైను తయారవుతుంది. ఒక కుర్రాడి రిపోర్ట్ చూశా, నెలకి 45 వేల జీతం, రిపోర్ట్ తీస్తే ఆరు పేజీలు, అన్నీ రెండు వేలు, మూడు వేల లోన్లే, ఒకటి తీర్చి ఒకటి, అన్నీ టైమ్ కే కట్టాడు పాపం, అయినా ఫైల్ చూసిన మేనేజర్ కి నమ్మకం కుదరలేదు, నెలాఖరుకి మూడు వేలు కూడా చేతిలో ఉండని మనిషి ఇరవై ఏళ్లు ఈఎమ్ఐ ఎలా కడతాడు అన్నారు. మీకు ఇలాంటివి ఉంటే తీర్చేసి అకౌంట్ క్లోజ్ చెయ్యమని రిక్వెస్ట్ పెట్టండి, యాప్ డిలీట్ చేస్తే అకౌంట్ క్లోజ్ అవ్వదు. ఐదారు చోట్ల లోన్ కి అప్లై చెయ్యడం కూడా ఇలాంటిదే, ప్రతి అప్లికేషన్ కి బ్యాంకు రిపోర్ట్ తీస్తుంది, అది ఎంక్వైరీ అని నమోదవుతుంది, తక్కువ టైమ్ లో ఎక్కువ పడితే స్కోరు తగ్గుతుంది. మీ స్కోరు మీరు చూసుకుంటే మాత్రం ఏమీ తగ్గదు, ఎన్నిసార్లైనా చూసుకోవచ్చు.

సెటిల్‌మెంట్ అన్న మాటకి దూరంగా ఉండండి. బాకీ 60 వేలు ఉంది, 25 వేలు కట్టండి క్లోజ్ చేస్తాం అని రికవరీ వాళ్లు ఫోన్ చేస్తారు, వినడానికి బాగుంటుంది, కానీ రిపోర్ట్ లో క్లోజ్డ్ అని కాదు, సెటిల్డ్ అని పడుతుంది, అంటే ఈ మనిషి పూర్తిగా కట్టలేదు అని. హోమ్ లోన్ ఫైల్ లో లేట్ పేమెంట్ ఉంటే మాట్లాడుకోవచ్చు, సెటిల్డ్ ఉంటే చాలా బ్యాంకులు అక్కడే ఆపేస్తాయి. ఇప్పటికే అలా చేసి ఉన్నవాళ్లు మిగతా డబ్బు కట్టి, నో డ్యూస్ లెటర్ తీసుకుని, స్టేటస్ ని క్లోజ్డ్ గా మార్చమని రాతపూర్వకంగా అడగండి. నిజంగా కష్టంలో ఉండి ఇంక ఏ దారీ లేనివాళ్ల సంగతి వేరు, ఉద్యోగం పోయిందనో ఆస్పత్రి ఖర్చులనో చేసినవాళ్లని నేను తప్పు పట్టను, తెలిసి చెయ్యండి అంతే.

మన వైపు ఇంకో మూడు ఉంటాయి, వీటిని ఎవరూ స్కోరుతో కలిపి ఆలోచించరు. గోల్డ్ లోన్ పూర్తిగా రిపోర్ట్ లో ఉంటుంది. బంగారం వాళ్ల దగ్గరే ఉంది కదా, ఎప్పుడో విడిపిస్తాంలే అని ఏడాది దాటేస్తారు, ఆ గడువు దాటిన రోజు నుంచి అది ఓవర్‌డ్యూనే, తనఖా ఉన్నంత మాత్రాన మినహాయింపు లేదు. టైమ్ కి వడ్డీ కట్టి రెన్యువల్ చేసుకుంటే అదే మంచి రికార్డు అవుతుంది. పంట రుణం కూడా అంతే, మాఫీ వస్తుందని రెన్యువల్ చెయ్యకుండా వదిలేసినవాళ్లు 3 లక్షల లోపు టైమ్ కి కడితే వచ్చే 3 శాతం వడ్డీ రాయితీ పోగొట్టుకోవడమే కాక, పాత బాకీ రిపోర్ట్ లో అలాగే ఉండి కొడుకు లోన్ కి కో అప్లికెంట్ గా నిలబడలేకపోతున్నారు. మూడోది షూరిటీ సంతకం. బావమరిది ట్రాక్టర్ కో, స్నేహితుడి లోన్ కో పెట్టిన సంతకం మీ రిపోర్ట్ లో గ్యారంటర్ అని కనపడుతుంది, అతను కట్టకపోతే మీ స్కోరు పడుతుంది. మొహమాటానికి పెట్టిన ఆ సంతకం మీ ఇంటి లోన్ ని ఆపగలదు. డ్వాక్రా గ్రూపుల్లో ఉన్న మీ అమ్మగారి లాంటివాళ్ల విషయంలో కూడా, గ్రూపు లోన్లలో సభ్యుల వారీ డేటా వెళ్లాలని ఆర్‌బీఐ చెప్పి చాలా ఏళ్లైంది, గ్రూపు లీడర్ నెలనెలా బ్యాంకులో కడుతోందా లేదా అని పాస్‌బుక్ అడిగి చూసుకోమనండి.

అసలు స్కోరే లేనివాళ్లు, రిపోర్ట్ లో ఎన్‌హెచ్, అంటే నో హిస్టరీ, అని వచ్చేవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి రెండు మాటలు. స్కోరు లేకపోవడం చెడ్డ స్కోరు కాదు, మొదటిసారి అప్పుకి వచ్చినవాళ్లని హిస్టరీ లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని ఆర్‌బీఐ 2025 జనవరి లో చెప్పింది, ఇంత స్కోరు ఉండి తీరాలని కూడా ఆర్‌బీఐ ఎక్కడా పెట్టలేదు, అది ఏ బ్యాంకు పాలసీ ఆ బ్యాంకుది. మొదలుపెట్టడానికి ఒక పదిహేనో ఇరవై వేలో ఎఫ్‌డీ వేసి దాని మీద ఇచ్చే క్రెడిట్ కార్డు తీసుకోండి, జీతం స్లిప్ అడగరు, ఎఫ్‌డీ కి వడ్డీ వస్తూనే ఉంటుంది, దాని మీద రెండు బిల్లులు పెట్టి టైమ్ కి కట్టుకుంటూ పోతే ఆరు నెలలు అటూ ఇటూగా స్కోరు తయారవుతుంది.

ఇప్పుడు రిపోర్ట్ లో తప్పులు. ఏడాదికి ఒకసారి నాలుగు కంపెనీలూ పూర్తి రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాలి, వాళ్ల సొంత వెబ్‌సైట్ లోనే తీసుకోండి, యాప్ లలో చూపించే స్కోరు అంకె ఒక్కటే చూసి ఊరుకోకండి. మన పేర్లతో పెద్ద తంటా, ఇంటిపేరు ఆధార్ లో ముందు, పాన్ లో వెనక, బ్యాంకులో ఒట్టి అక్షరం, పైగా వెంకట, సాయి, లక్ష్మి ఊరికి పదిమంది ఉంటారు, వేరేవాళ్ల లోన్ మన రిపోర్ట్ లోకి వచ్చిన కేసులు ఉన్నాయి. తీర్చేసిన లోన్ ఇంకా యాక్టివ్ అని ఉండటం అన్నిటికన్నా ఎక్కువగా కనపడేది. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ లో యూనియన్ బ్యాంక్ లో కలిసింది, గ్రామీణ బ్యాంకులు 2025 లో కలిశాయి, ఇలా పాత బ్యాంకుల్లో తీర్చేసిన లోన్లు ఉన్నవాళ్లు క్లోజ్డ్ అని ఉందో లేదో ఒకసారి చూసుకోవడం మంచిది, లోన్ తీరిపోయిందని అప్పట్లో బ్యాంకు ఇచ్చిన ఎన్ఓసీ లెటర్ ఇంట్లో వెతికి పెట్టుకోండి. తప్పు కనపడితే ఆ కంపెనీ సైట్ లోనే డిస్ప్యూట్ పెట్టండి, డబ్బు కట్టక్కర్లేదు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది, అప్పటికీ తేలకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ కి, అంటే ఫిర్యాదులు తేల్చే అధికారికి, సీఎంఎస్ అనే ఆర్‌బీఐ ఫిర్యాదుల పోర్టల్ లో రాయొచ్చు. పది వేలివ్వండి నెలలో 800 చేస్తాం అనే ఏజెంట్ల దగ్గరకి మాత్రం వెళ్లకండి, తప్పుడు ఎంట్రీ అయితే మీరే ఫ్రీగా తీయించుకోవచ్చు, నిజమైన ఎంట్రీ అయితే ఎవరూ తీయలేరు.

ఇంత కష్టం ఎందుకు అంటారేమో, చాలా బ్యాంకుల్లో హోమ్ లోన్ వడ్డీ స్కోరుని బట్టే ఉంటుంది. 30 లక్షలు, 20 ఏళ్లు అనుకోండి. ఎనిమిదిన్నర శాతం అయితే ఈఎమ్ఐ సుమారు 26,035, తొమ్మిది శాతం అయితే సుమారు 26,990. నెలకి 950 పైచిలుకు తేడా, ఇరవై ఏళ్లకి దాదాపు 2 లక్షల 30 వేలు.

మీకు రెండేళ్లు టైమ్ ఉంది, ఇది చాలినంత టైమ్. ఈ నెలలో ఈఎమ్ఐ అకౌంట్ వేరు చెయ్యండి, కార్డుకి టోటల్ అమౌంట్ ఆటో పే పెట్టండి, స్టేట్‌మెంట్ కి ముందు కొంత కట్టడం మొదలుపెట్టండి. కార్డు బాకీ తగ్గితే ఒకట్రెండు నెలల్లోనే కొంత కదలిక కనపడొచ్చు, ఆ 026 గడి ప్రభావం తగ్గడానికి మాత్రం వరసగా ఏడాది పైన క్లీన్ నెలలు కావాలి, అది మాత్రం తొందరపడితే అయ్యేది కాదు. నెలనెలా స్కోరు చూసి ఐదు పాయింట్లు తగ్గాయని బెంగపెట్టుకోకండి, అది అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది, మూడు నెలలకోసారి చూస్తే చాలు. బైక్ లోన్ ని స్కోరు కోసం ముందే తీర్చెయ్యక్కర్లేదు, తీరాక ఎన్ఓసీ తీసుకుని ఆర్‌సీ మీద హైపోథికేషన్, అంటే బండి లోన్ మీద ఉందన్న ఎంట్రీ, కొట్టేయించుకోండి. కార్డు పాతదైనా ఫీజు లేకపోతే అలాగే ఉంచండి, మీ హిస్టరీలో వయసున్న అకౌంట్ అదొక్కటే.

హోమ్ లోన్ కి వెళ్లే ముందు ఆర్నెల్లు కొత్త కార్డు, కొత్త ఫోన్ ఈఎమ్ఐ, పర్సనల్ లోన్ ఏదీ పెట్టుకోకండి. బ్యాంకువాళ్లు స్కోరుతో పాటు మీ జీతం అకౌంట్ స్టేట్‌మెంట్ కూడా అడుగుతారు, అందులో బౌన్స్ చార్జీ అని ఒక్క లైను కనపడినా ఎందుకు అని అడుగుతారు, కాబట్టి ఆ చివరి ఏడాది ఆ అకౌంట్ లో ఒక్క బౌన్స్ కూడా ఉండకూడదు. అప్లై చేసే నెల రోజుల ముందు నాలుగు రిపోర్ట్ లూ తీసి చూసుకోండి, ఏదైనా తప్పుంటే సరిచేయించుకోడానికి ఆ టైమ్ కావాలి. ఆ తర్వాత కూడా ఐదు బ్యాంకుల్లో ఫైల్ వెయ్యకండి, రేట్లు ఫోన్ లోనో బ్రాంచ్ లోనో ముందే కనుక్కుని, ఒకటి రెండు చోట్ల మాత్రమే అప్లికేషన్ ఇవ్వండి. మీ రిపోర్ట్ తీశాక ఆ గళ్లలో అర్థం కానిది ఏదైనా ఉంటే అడగండి, పాన్ నంబరు, అకౌంట్ నంబర్లు తీసేసి ఆ అంకెలు మాత్రం రాయండి, చూసి చెప్తాను.